నవ్వుల చాటున వేపపువ్వు: ‘మిస్సమ్మ’ తెరవెనుక కథ

ఉగాది పచ్చడిలో బెల్లం ఒక్కటే కలిపి పెట్టే ఇల్లాలు మనలో ఎవరూ ఉండరు. పిల్లలు మొహం చిట్లించినా సరే, కాస్త వేపపువ్వు పడవలసిందే. ఆ చేదు నాలుకకు తగిలిన తరువాతనే సంవత్సరాది వచ్చినట్లు మనకు తోస్తుంది. ఈ సంచికకు ఏమి వ్రాయాలా అని మేము ఆలోచిస్తూ ఉండగా, ఆ పచ్చడి వంటి సినిమా ఒకటి జ్ఞాపకం వచ్చింది. దానిని చూసి మూడు తరాల తెలుగువారు కడుపుబ్బ నవ్వారు. కాని ఆ కథకు పునాది నిరుద్యోగం, అప్పు, అబద్ధం. దానిని తీసిన రోజులలో కూడ కొన్ని మనసులు నొచ్చుకున్నవి. ఆ చిత్రం పేరు ‘మిస్సమ్మ’.

ఇటువంటి సంచికలలో రాజులను గురించి, కవులను గురించి, క్షేత్రాలను గురించి చరిత్ర వ్యాసాలు రావడం పరిపాటి. సినిమా కథ కూడ చరిత్రేనా అని పెద్దలు కొందరు అడగవచ్చు. మన ఇళ్ళలో కాకతీయుల శాసనాలు చదివినవారు బహు కొద్దిమంది. మిస్సమ్మ పాట ఒక్కటైనా కూనిరాగం తీయని ఇల్లు మాత్రం అరుదు. జనం నాలుకమీద ఇంతకాలం నిలిచినదానికి చరిత్రలో ఒక మూల చోటు ఇవ్వడం తప్పు కాదని మా విశ్వాసం. కనుక చదువరులు ఓపిక చేసుకొని ఈ కథ వినవలసిందని మనవి.

పండుగకు వచ్చే హాస్యచిత్రమంటే అంతా వెలుగే, అంతా వేడుకే అనుకుంటాం. నిజానికి మేలైన పండుగ హాస్యం చాలవరకు చీకటి అంచున పుట్టినదే. అమెరికాలో 1960లో ‘ది అపార్ట్‌మెంట్’ అనే చిత్రం వచ్చింది. కథలో ముఖ్యభాగం జరిగేది క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం రాత్రి వరకు ఉండే సంబరాల రోజులలో. కథానాయకుడు పై ఉద్యోగం కోసం తన గది తాళంచెవిని అధికారుల చాటుమాటు వ్యవహారాలకు అరువిచ్చే గుమాస్తా; కథానాయిక క్రిస్మస్ ముందురాత్రి నిద్రమాత్రలు మ్రింగే అభాగ్యురాలు. అయినా జనం నవ్వారు, ఆ చిత్రానికి అయిదు ఆస్కారు బహుమతులు వచ్చినవి. అందులో కనుచూపు మేర బల్లలు పరచిన పెద్ద ఆఫీసు ఒకటి కనబడుతుంది. అంత పెద్ద సెట్టు వేయలేదు. వెనుక వరుసలకు పోయినకొద్దీ చిన్న బల్లలు వేసి, పొట్టి మనుషులను కూర్చోబెట్టి, చూసేవారి కళ్ళను నమ్మించారు. దర్శకుడు బిల్లీ వైల్డర్ ఐరోపా నుంచి పొట్టచేత పట్టుకొని వలసపోయినవాడు. పరాయి భాషలో నవ్వించి బ్రతికిన మనిషి గనుక, నవ్వుకూ చేదుకూ మధ్య దూరం ఎంత తక్కువో అతనికి బాగా తెలుసు.

అతనికి అయిదేండ్లు ముందుగానే, మన తెలుగువారు మదరాసులో కూర్చొని ఇటువంటి పనే చేశారు. 1955 జనవరి 12వ తేదీన, సంక్రాంతి ముంగిట, ‘మిస్సమ్మ’ తెలుగు చిత్రం విడుదలయింది. రెండు రోజుల తరువాత, జనవరి 14న, సరిగా పొంగలి పండుగకు దాని జంట చిత్రం ‘మిస్సియమ్మ’ తమిళంలో వచ్చింది.

ఆనాటికి తెలుగువారు ఎన్ని ఏలుబడులలో చెదిరి ఉన్నారో ఒక్కసారి తలచుకుందాం. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి ఏడాదిన్నర కూడ కాలేదు. తెలంగాణం ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది. సినిమాలు తీసే మదరాసు మరొక రాష్ట్రం. ఇక మన అహేరి, సిరొంచలు అప్పుడు చాందా జిల్లాలో భాగం. ఆ జిల్లా నాగపూరు రాజధానిగా ఉండిన నాటి మధ్యప్రదేశంలోనిది. 1956 నవంబరులో బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రంలోకి, 1982 ఆగస్టు 26న కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోకి మారాము. మనం కదలలేదు గాని, మన చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. అంతకు పూర్వం 1874 వరకు సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యస్థానమనే మాట కూడ మన పిల్లలు తెలుసుకోదగినది.

ఇన్ని సరిహద్దులను దాటి ఒకే నవ్వు అందరికీ అందింది. మా నాయనగారు ఆ చిత్రాన్ని విడుదలయిన నాడు చూడలేదు. ఎండకాలంలో ఏట్లో నీరు తీసిన తరువాత, ప్రాణహిత దాటిపోయి, అవతలి వైపున గుడారపు సినిమాలో నేలమీద కూర్చొని చూశారట. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి ఇసుకలో నడుస్తూ తోటివారంతా రేలంగిని అనుకరించారని చెప్పేవారు. తునికాకు కల్లాలలో లెక్కలు వ్రాసే గుమాస్తా ఆయన. ఉద్యోగం ఉన్నది మూడు నెలలు, లేనిది తొమ్మిది నెలలు. ఆ చిత్రంలో నిరుద్యోగి ఆయనకు ఎందుకంత నచ్చాడో మాకు చాలా కాలం తరువాత గాని తెలియలేదు.

ఇక కథ పుట్టుక సంగతి. విజయా సంస్థ అధిపతులు ఇద్దరు, బి. నాగిరెడ్డి, చక్రపాణి. పిల్లల ‘చందమామ’ను 1947లో పుట్టించినది కూడ ఈ జంటయే. చక్రపాణిగారు తెనాలివారు. అసలు పేరు ఆలూరు వెంకట సుబ్బారావు. యౌవనంలో క్షయ వ్యాధి సోకి మదనపల్లె ఆరోగ్యశాలలో కొంతకాలం ఉండవలసి వచ్చింది. ఆ రోజులలో క్షయ అంటే ఇంటిల్లపాది గుండెలూ జారిపోయేవి. ఆయన మాత్రం ఆ మంచం మీదనే బెంగాలీ భాష పట్టుపట్టి నేర్చుకున్నారు. తరువాత శరత్‌బాబు నవలలు ఎన్నో తెలుగు చేశారు. మన అమ్మలూ అమ్మమ్మలూ కన్నీరు కార్చిన ఆ పుస్తకాలు అట్లా వచ్చినవే.

ఆ బెంగాలీ పరిచయమే ‘మిస్సమ్మ’కు దారి తీసింది. రవీంద్రనాథ్ మైత్ర వ్రాసిన ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ అనే హాస్యనాటకం వంగదేశంలో పేరు పొందింది. 1935లో సినిమాగా కూడ వచ్చింది. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని బొంకే ఇద్దరి కథ అది. దానికి శరదిందు బందోపాధ్యాయ వ్రాసిన ‘డిటెక్టివ్’ అనే కథలోని సరుకు జోడించి, తెలుగు గ్రామానికీ తెలుగు మాటకూ అతికే విధంగా చక్రపాణి కొత్త కథ అల్లారు. మాటలు ఆయనవే. పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, దర్శకత్వం ఎల్.వి. ప్రసాద్.

ప్రసాద్‌గారిని గురించి వలసవారమైన మనం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏలూరు దగ్గరి పల్లెనుంచి చేతిలో పెద్దగా డబ్బు లేకుండా బొంబాయి చేరి, చిల్లర పనులు చేస్తూ, దొరికిన చిన్న వేషమల్లా వేసిన మనిషి. హిందీలో మొదటి టాకీ ‘ఆలం ఆరా’, తమిళ టాకీలకు ఆద్యమైన ‘కాళిదాస్’, తెలుగులో మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’, ఈ మూడింటిలోను ఆయన కనబడ్డారు. పరాయి ఊళ్ళో ఉద్యోగం వెదుక్కోవడం అంటే ఏమిటో పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన అవసరం ఆయనకు లేదు.

కథ మన చదువరులకు తెలిసినదే అయినా, ఈ తరం పిల్లల కోసం క్లుప్తంగా చెబుతాము. అప్పాపురం జమీందారు గోపాలం తన పెద్దకూతురు మహాలక్ష్మిని చిన్ననాడే జనసమ్మర్దంలో పోగొట్టుకున్నాడు. ఆమె పేరనే బడి పెట్టించాడు. ఆ బడికి చదువుకున్న భార్యాభర్తలే ఉపాధ్యాయులుగా కావాలని ప్రకటన వేశారు. మేరీ అనే క్రైస్తవ యువతి అప్పుల వత్తిడిలో ఉన్నది. అప్పిచ్చిన డేవిడ్ పెండ్లి చేసుకొమ్మని వేధిస్తున్నాడు. ఎం.టి. రావు అనే యువకుడు పట్టా చేతబట్టుకొని పనిలేక తిరుగుతున్నాడు. ఆ పేరును గబగబ పలికి చూడండి, ఖాళీ జేబు అర్థమవుతుంది. ఇద్దరూ మొగుడూ పెళ్ళాలమని చెప్పి ఉద్యోగంలో చేరారు. అక్కడినుంచి వచ్చే చిక్కులే సినిమా అంతాను. జమీందారు మేనల్లుడు రాజు తనను తాను గొప్ప అపరాధ పరిశోధకుడినని అనుకుంటూ, తప్పిపోయిన మహాలక్ష్మి కాలి పుట్టుమచ్చ కోసం ఊరంతా కాళ్ళు చూస్తూ తిరుగుతాడు. చివరకు ఆ మహాలక్ష్మి మేరీయే అని తేలుతుంది.

జాగ్రత్తగా చూస్తే ఇందులో నవ్వదగిన సంగతి ఒక్కటీ లేదు. తప్పిపోయిన బిడ్డ, ఆ బిడ్డను తలచుకొని కుమిలే తల్లిదండ్రులు, అప్పులవాని కత్తెర, ఆకలి తీరడానికి అబద్ధమాడవలసి వచ్చిన ఇద్దరు చదువుకున్నవారు. దీనినే ఇంకొకరు తీస్తే మూడు గంటల ఏడుపు అయ్యేది. చక్రపాణిగారి నేర్పు ఏమంటే, కథలో దుర్మార్గుడు అనేవాడిని లేకుండా చేయడం. డేవిడ్‌ను కూడ రమణారెడ్డిగారి చేత వేయించి, మనం భయపడవలసినవానిని చూసి నవ్వేటట్లు చేశారు. జమీందారుగా ఎస్.వి. రంగారావు, ఆయన ఇల్లాలుగా ఋష్యేంద్రమణి చూపిన ఆప్యాయత ఎంతటిదంటే, అబద్ధం బయటపడుతుందేమో అన్న భయంకంటె, ఇంత మంచివాళ్ళను మోసం చేస్తున్నారే అన్న బాధే మనకు ఎక్కువవుతుంది.

ఇప్పుడు తెరవెనుకకు పోదాం. మేరీ వేషానికి మొదట కుదిరినది సావిత్రి కాదు, భానుమతి. ఆమె అప్పటికే ‘మల్లీశ్వరి’ వంటి చిత్రాలతో శిఖరం మీద ఉన్నారు. నటి, గాయని, భరణీ సంస్థకు యజమానురాలు, 1953లో ‘చండీరాణి’కి దర్శకురాలు. ఆమెతో నాలుగు రీళ్ళ వరకు చిత్రీకరణ జరిగింది. అప్పుడు వచ్చింది వరలక్ష్మీ వ్రతం. ఇంట్లో వ్రతం ముగించుకొని ఆమె స్టూడియోకు ఆలస్యంగా వచ్చారు. ముందుగానే కబురు చేశానని ఆమె, నాకు చేరలేదని ఆయన. పని వేళ అంటే ప్రాణం పెట్టే చక్రపాణిగారు క్షమాపణ వ్రాసి ఇమ్మన్నారు. ఆత్మాభిమానమే సొమ్ముగా గల భానుమతిగారు ఇవ్వనన్నారు. మాట మాట పెరిగింది. ఆమె వెళ్ళిపోయారు, తీసిన నాలుగు రీళ్ళనూ ఆయన తగులబెట్టించారని సినిమావారు ఈనాటికీ చెప్పుకుంటారు.

నాలుగు రీళ్ళంటే తెరమీద ఇంచుమించు నలభై నిమిషాల బొమ్మ. ఆ రోజులలో ముడిఫిలిం విదేశాల నుంచి రావలసిందే. అంతకంటె విలువైనది ఎందరో పనివారల చెమట. సెట్టులు కట్టిన వడ్రంగులు, దీపాలు మోసినవారు, కుట్టుపనివారు, వేషాలు దిద్దినవారు, వీరికి ఎవరు తప్పు ఎవరు ఒప్పు అన్న విచారణతో పనిలేదు. మరునాడు ఉదయం మళ్ళీ మొదటినుంచి పని చేయవలసి వచ్చింది. నవ్వుల బొమ్మ వెనుక ఒక పండుగనాటి తగాదా ఉన్నదంటే వింతగా ఉంటుంది. న్యాయం ఎవరి పక్షాన ఉన్నదో చెప్పడం మా పని కాదు. ఇంటి వ్రతమూ విడువలేక, పని వేళా తప్పలేక నలిగిపోవడం ఉద్యోగాలు చేసే మన ఆడపడుచులకు ఈనాటికీ తెలిసిన సంగతే. కాలం ఇద్దరినీ చల్లబరచింది. తాను ఆ వేషం పోగొట్టుకోవడం వల్ల సావిత్రి వంటి నటి వెలుగులోకి వచ్చిందని భానుమతిగారు తరువాత కాలంలో పెద్దమనసుతో అన్నారని ప్రసిద్ధి. ‘అత్తగారి కథలు’ వ్రాసి తెలుగు ఇళ్ళను నవ్వించిన రచయిత్రి ఆమె. నవ్వు విలువ ఆమెకు తెలియనిది కాదు.

సావిత్రిని మొదట ఈ చిత్రంలో చెల్లెలు సీత వేషానికి తీసుకున్నారు. ఖాళీ అయిన మేరీ వేషం ఆమెకు ఇచ్చి, సీతగా జమునను తెచ్చారు. ఇక్కడ ఒక వెనుకటి ముచ్చట చెప్పాలి. 1950లో ‘సంసారం’ అనే చిత్రానికి సావిత్రి ఒక నాయికగా ఎంపికై, కెమేరా ముందు తడబడి, చివరకు చిన్న వేషంతో సరిపుచ్చుకోవలసి వచ్చింది. ఆ చిత్ర దర్శకుడు కూడ ఈ ఎల్.వి. ప్రసాద్‌గారే. ఆ తరువాత ‘పాతాళభైరవి’లో ఒక నాట్యం, ‘పెళ్ళి చేసి చూడు’లో రెండవ నాయిక, 1953లో ‘దేవదాసు’లో పార్వతి. ఇట్లా ఒక్కొక్క మెట్టూ ఎక్కి, అయిదేండ్లలో అదే దర్శకుని ముందు, వేరొకరు విడిచిన వేషంలో ఆమె మళ్ళీ నిలబడింది. ఈసారి తడబడలేదు. మూతి ముడుపులు, కోపపు చూపులు, కోపం చాటున దాగిన ఆపేక్ష, ఇవి ఆమె చేసినట్లు ఇంకెవరు చేయగలరు అని మనకు తోస్తుంది. ఆ వేషం మొదటినుంచీ ఆమె కోసమే వ్రాశారని చూసినవారు అనుకోవడమే ఆమె గెలుపు.

భానుమతి ఉన్నట్లయితే ఆమె పాటలు ఆమే పాడుకొని ఉండేవారు. సావిత్రికి పాట అరువు కావలసి వచ్చింది. కేరళ దేశపు బిడ్డ పి. లీల ఆమెకు గొంతు ఇచ్చారు. జమునకు, అప్పుడప్పుడే పేరు తెచ్చుకుంటున్న పి. సుశీల పాడారు. రామారావుకు ఏ.ఎం. రాజా పాడారు. తమిళంలోనూ కథానాయకునికి ఆ రాజా గొంతే. అంటే రెండు భాషలలో, రెండు ముఖాలకు, ఒకే గొంతు అన్నమాట. మలయాళపు గొంతులో పలికిన ఆ తెలుగు పాటలు పరాయివి అని మనలో ఎవరికీ తోచలేదు గదా.

అక్కినేని నాగేశ్వరరావు ఇందులో కథానాయకుడు కాదు. ‘దేవదాసు’ తరువాత జనం ఆయనను దగ్గుతూ త్రాగుతూ చనిపోయే ప్రియునిగానే తలచుకోసాగారు. ఆ ముద్ర చెరపుకోవాలని ఆయన ఈ హాస్యపు వేషం కోరి వేశారు. పెద్ద తార రెండవ వేషం వేయడమా అని సందేహించలేదు. దేవదాసు చేతిలో మధుపాత్ర పోయి, అపరాధ పరిశోధకుని హంగు వచ్చింది. ఏడిపించినవాడే నవ్వించాడు, జనం రెండూ నమ్మారు.

ద్విభాషా చిత్రం అంటే ఈనాడు ఒకరి పెదవులకు వేరొకరి మాటలు అతికించడం అనుకుంటారు. ఆనాటి పద్ధతి అది కాదు. ఒకే సంస్థ, ఒకే కాలంలో, రెండు చిత్రాలను రెండుసార్లు నటింపజేసి తీసింది. తెలుగులో ఎన్.టి. రామారావు వేసిన వేషం తమిళంలో జెమినీ గణేశన్‌ది. నాగేశ్వరరావు వేషం తంగవేలుది. డేవిడ్ వేషం నంబియార్‌ది. రేలంగి వేసిన దేవయ్య తమిళంలో సారంగపాణి. సావిత్రి, జమున, రంగారావులు మాత్రం రెండింటిలోను వారే. ఒక భాషలో అలకబూని, అదే అలకను మరొక భాషలో మరొక కథానాయకుని మీద మళ్ళీ చూపాలి. మాట తీరు మారితే కోపం తీరు కూడ మారుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ మాట్లాడే మన పిల్లలకు ఈ కష్టం వేరుగా చెప్పనక్కరలేదు.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. సింహళంలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రాల కెమేరా ఆయనదే. తరువాత మలయాళ ‘చెమ్మీన్’కు కూడ ఆయనే. స్టూడియో గోడల నడుమ దీపాలతో వెన్నెల కాయించడంలో ఆయనకు సాటి లేరు. ‘మిస్సమ్మ’లోని రాత్రి పాటలు చూసి ఆ చందమామ మన ఊరిదే అనుకున్నవారు ఎందరో. కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఈ పేర్లను వరుసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తెనాలి, కడప, ఏలూరు, కేరళ, సింహళం, ఇన్ని చోట్లనుంచి బ్రతుకు తెరువుకు మదరాసు చేరినవారు కలిసి అప్పాపురం అనే పల్లెను కట్టారు. దేశపటంలో ఎంత వెదకినా ఆ ఇల్లు దొరకదు; వలసవచ్చిన చేతులు వడపళనిలోని వాహినీ స్టూడియోలో నిలబెట్టినది అది.

చిత్రం రెండు భాషలలోను గెలిచింది, శతదినోత్సవాలు జరుపుకున్నది. తమిళంలో జెమినీ గణేశన్‌కు ప్రేమకథల నాయకుడన్న పేరు స్థిరపడడానికి ఇది బాగా తోడ్పడింది. 1957లో ప్రసాద్‌గారే దీనిని ‘మిస్ మేరీ’ అనే పేరున ఏ.వి.ఎం. సంస్థకు హిందీలో తీశారు. మేరీగా మీనాకుమారి, అపరాధ పరిశోధకునిగా కిశోర్ కుమార్, సంగీతం హేమంత కుమార్. మన రాజేశ్వరరావుగారి బాణీ ఒకటి హిందీలోనూ అట్లాగే నిలిచిపోయింది. వంగదేశం నుంచి తెలుగుకు వచ్చిన కథకు, వంగదేశపు హేమంత కుమార్ హిందీలో సంగీతం కూర్చడం ముచ్చటైన సంగతి. ప్రసాద్‌గారికి 1982 సంవత్సరానికీ, నాగిరెడ్డిగారికి 1986 సంవత్సరానికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. 2003లో ఇదే పేరుతో మరొక తెలుగు చిత్రం వచ్చింది గాని దాని కథ వేరు. 2018లో వచ్చిన ‘మహానటి’ చూసి సావిత్రి కథ తెలుసుకున్న మన పిల్లలు, తిరిగి ఈ పాత ‘మిస్సమ్మ’ను వెదుక్కొని చూస్తున్నారు.

ఇంతవరకు సినిమా చరిత్ర. ఇక ఈ కథ మాకు ఎందుకు గుర్తు వచ్చిందో కూడ చెప్పి ముగిస్తాము.

చాలా ఏండ్ల క్రిందట మా అబ్బాయిని బడిలో వేసేనాడు, దరఖాస్తు కాగితంలో మాతృభాష అన్న గడి దగ్గర మా కలం ఆగింది. “మరాఠీ అని వ్రాయండి, పిల్లవాడికి ముందుముందు సుళువు” అని ప్రక్కన నిలబడిన ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. అతని మనసులో చెడ్డ ఏమీ లేదు. మేము వ్రాశాము. అట్లా వ్రాయమని ఎవరూ బలవంతపెట్టలేదు, వ్రాసినందువల్ల ఏమి మేలు జరిగిందో కూడ ఈనాటికీ తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చి మా అమ్మకు ఈ సంగతి చెప్పలేదు.

మొన్న సెలవులలో మా మనుమరాలిని ప్రక్కన కూర్చోబెట్టుకొని ‘మిస్సమ్మ’ చూశాము. అపరాధ పరిశోధకుని చేష్టలకు పగలబడి నవ్వింది. ఆ పిల్ల మమ్మల్ని తాత అనదు, మరాఠీ పిల్లలవలె ‘ఆజోబా’ అంటుంది. చిత్రం ముగియగానే అడిగింది: “ఆజోబా, ఆమె ఖరా పేరు ఏది? మేరీయా, మహాలక్ష్మియా?”

“రెండూ ఆమెవే తల్లీ. ఒకటి కన్నవారు పెట్టినది, ఒకటి పెంచినవారు పెట్టినది” అన్నాము.

“మరి మనకు?” అన్నది.

మాకు వెంటనే మాట రాలేదు. నవ్వుతూ చూసిన చిత్రం ఒక్కసారి మా వీపున చరిచినట్లయింది. ఉద్యోగం కోసం ఒక కాగితం మీద ఒక అబద్ధం వ్రాసిన ఎం.టి. రావును చూసి ఇన్నేండ్లు నవ్వాము. మేము చేసినది అంతకంటె ఏమి వేరు?

ఈ కథలో మేరీని పెంచిన పాల్ దంపతులు చెడ్డవారు కారు. వారు లేకపోతే ఆ బిడ్డ బ్రతికి బట్టకట్టేదే కాదు. మరాఠీ మనకు అటువంటి పెంచిన తల్లి. బువ్వ పెట్టింది, చదువు చెప్పింది, ఈ నేలమీద నిలబెట్టింది. ఆమెను తక్కువ చేసి మాట్లాడేవారు మా ఎదుట నిలువవద్దని మా మనవి. కాని కన్నతల్లి ఒకతె ఏటి అవతల ఎదురుచూస్తున్నదన్న సంగతి కూడ బిడ్డకు తెలియాలి గదా. మహాలక్ష్మిని పోల్చుకోవడానికి కాలిమీద పుట్టుమచ్చ ఉన్నది. మన పిల్లలను పోల్చుకోవడానికి నాలుకమీద నాలుగు తెలుగు మాటలే గుర్తు. ఆ గుర్తు పుట్టుమచ్చ వలె దానంతట అది ఉండదు. రోజూ పలికితేనే ఉంటుంది.

ఆ రాత్రి మనుమరాలికి మా అబ్బాయి దరఖాస్తు సంగతి చెప్పాము. మా అమ్మకు చెప్పలేనిది మునిమనుమరాలికి చెప్పాము. ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి, “అయితే నాకు ‘మహాలక్ష్మి’ అని తెలుగులో వ్రాయడం చూపించు” అన్నది. పలకలేదు గనుక లెక్కల పుస్తకం వెనుక అట్టమీద వ్రాసి చూపించాము. ‘క్ష’ దగ్గర మూడుసార్లు చెరిపి, నాలుగవసారి వ్రాసింది. ఆ అట్టను మేము దాచుకున్నాము.

మన సంఘం పెద్దలకు ఒక్క విన్నపం. ప్రతి పండుగకూ పాటలపోటీలు, భోజనాలు జరుపుతూనే ఉన్నాము, సంతోషం. వాటితోపాటు ఇటువంటి పాత చిత్రం ఒకటి పిల్లలందరినీ కూర్చోబెట్టి చూపి, తరువాత ఒక గంట సేపు తెలుగు అక్షరాలు దిద్దించే ఏర్పాటు చేయవలసిందని కోరుతున్నాము. అహేరిలోను, ఆళ్ళపల్లిలోను, సిరొంచలోను ఇందుకు తమ వసారా ఇచ్చే ఇళ్ళు తప్పక ఉంటవి. అహేరిలో మా వసారా సిద్ధంగా ఉన్నది. చాపలు కూడ ఉన్నవి.

ఈరోజు మన ఇరుగుపొరుగువారు గుడి ఎత్తి పాడ్వా జరుపుకుంటున్నారు, మనం పచ్చడి కలుపుకుంటున్నాము. వారి ఇంట వేపాకు, మన ఇంట వేపపువ్వు, చెట్టు ఒక్కటే. చదువరులందరికీ, వారి పిల్లాపాపలకూ కొత్త సంవత్సరం తీపి ఎక్కువగా, చేదు తగుమాత్రంగా గడచుగాక అని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.